క్రియ చివరి ‘ఎస్’ ఎప్పుడొస్తుంది?

(నిజామాబాద్ జిల్లా మోస్రాలో జరిగిన ‘ఇంగ్లీషు సారు’ స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)

మోస్రాలో సారును పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. ‘ఇంగ్లీషు సారు’ అంటే చాలు, ఎవరో తెలిసిపోయేది. నిర్వాహకులు కరపత్రంలోనూ అట్లాగే వేశారు. సారును తలుచుకునే పని నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు బాగా చేశారు. నేను ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండే కాంపోజిషన్ నోటుబుక్కుల దొంతర గురించి మాట్లాడతాను. అందులోనూ, ఎర్రసిరాతో ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన ఒక్క అక్షరం గురించి. అది ఇంగ్లీషు అక్షరమాలలో పందొమ్మిదోది, ఎస్.

‘మై ఫాదర్ గో టు ఫీల్డ్.’ ‘మై మదర్ రోల్ బీడీస్.’ ‘ద బస్ కమ్ ఎట్ ఎయిట్.’ ఇక్కడున్న టీచర్లకు ఈ వాక్యాలు కొత్త కాదు. గో పక్కన ఒక ‘ఈఎస్’, రోల్ పక్కన ఒక ‘ఎస్’, కమ్ పక్కన ఒక ‘ఎస్’ పెడతాం. వారం తిరిగేసరికి అదే పిల్లవాడు, అదే వాక్యం. ఎనిమిదిలో పెట్టాం, పదిలో పెట్టాం. డిగ్రీ అయి, బీఎడ్ అయి, మళ్ళీ బడికే టీచరుగా వచ్చినవాళ్ళు కూడా తొందరలో మాట్లాడేటప్పుడు ఆ ఎస్‌ను దారిలో వదిలేస్తుంటారు.

దీనికి స్టాఫ్ రూముల్లో మూడు కారణాలు చెబుతుంటారు. పిల్లలకు శ్రద్ధ లేదని ఒకటి. గ్రామర్ సరిగా చెప్పలేదని రెండోది. తెలుగు అడ్డం వస్తోందని మూడోది. మొదటి రెంటినీ తొందరగా దాటేద్దాం. రూల్ చెప్పమంటే మన పిల్లలు టపటపా చెబుతారు. హి, షి, ఇట్ వస్తే వెర్బుకు ఎస్ కలపాలని ఐదో తరగతి పిల్ల కూడా అప్పజెబుతుంది. ఖాళీలు పూరించమని ఇస్తే పూరిస్తుంది. రాయమన్నప్పుడు, మాట్లాడమన్నప్పుడే అది కనబడదు. రూల్ తెలిసి ఉండటం వేరు, నోట్లోంచి క్రియ రావడం వేరు. దీన్ని అశ్రద్ధ అంటే, ప్రపంచంలో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలందరికీ సరిగ్గా ఒకే చోట అశ్రద్ధ పుట్టిందని అనాల్సి వస్తుంది.

మూడో కారణం దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు అడ్డం వస్తోందన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ఈ ఎస్ విషయంలో అది తలకిందులుగా ఉంది. కర్తను బట్టి క్రియ చివర మారడం తెలుగు పిల్లలకు కొత్తా? నేను వస్త, నువ్వు వస్తవ్, ఆడు వస్తడు, ఆమె వస్తది, వాళ్ళు వస్తరు. ఇంగ్లీషులో ఒక్క చోట మారేది మనకు ప్రతి చోటా మారుతుంది. మూడేళ్ళ పిల్ల కూడా ‘మా నాయన వస్త’ అనదు. ఇంత కట్టుదిట్టమైన క్రియలున్న ఇంటి నుంచి వచ్చిన పిల్ల, ఒకే ఒక్క ఎస్ దగ్గర పదేళ్ళు తడబడటానికి తెలుగు కారణమెలా అవుతుంది? అడ్డం రావడం సంగతి అట్లుంచి, తెలుగు ఇక్కడ సాయపడి ఉండాల్సింది. సాయపడలేదు. ఈ ఉపన్యాసం మొత్తం ఆ ముడి చుట్టూనే తిరుగుతుంది.

ఈ ముడిని పరీక్షించడానికి మన ప్రాంతం కంటే మంచి చోటు దొరకడం కష్టం. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువలు పారాక కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు, క్యాంపులు వెలిశాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015 డిసెంబరులో మూతబడేదాకా ఈ ప్రాంతపు క్యాలెండర్‌ను క్రషింగ్ సీజనే నడిపింది. కూలికీ, నౌకరీకీ, చెరుకు బండ్లకూ ఎక్కడెక్కడి భాషలో ఇక్కడ కలిశాయి. ఒకే తరగతిలో ‘నిన్న వచ్చిన’ అనే పిల్ల పక్కన ‘నిన్న వచ్చాను’ అనే క్యాంపు పిల్ల కూర్చుంటుంది. ఆ వెనక బెంచీలో తండా నుంచి లంబాడీ మాట్లాడే పిల్లవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చి ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లవాడు. తప్పులకు ఇంటి భాషే మూలమైతే ఆ నోటుబుక్కులు ఇంటిభాషల వారీగా విడిపోవాలి. కొన్ని తప్పుల్లో విడిపోతాయి కూడా, వాటి సంగతి తర్వాత చెబుతాను. కానీ ఎస్ మాత్రం అన్ని బెంచీల్లోనూ ఒకేలా మాయమవుతుంది.

ఇప్పుడు కాస్త దూరం వెళ్ళొద్దాం. ఇంగ్లీషే మాతృభాషగా పెరిగే పిల్లలు క్రియలను ఏ వరసలో నేర్చుకుంటారో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్ అనే ఆయన ఏళ్ళ తరబడి గమనించి 1973లో పుస్తకం రాశాడు. ఆడమ్, ఈవ్, సారా అని ముగ్గురు పిల్లలు. ముందుగా వచ్చేవాటిలో ‘ఇంగ్’ ఒకటి. వెంట్, కేమ్ లాంటి రూపాలు ‘ఈడీ’ కంటే ముందు. క్రియ చివరి ఎస్ చివరివైపు. అంటే తల్లిపాలతో ఇంగ్లీషు తాగిన పిల్లలకే అది ఆలస్యం. మరుసటి ఏడాది హైడీ డ్యూలే, మరీనా బర్ట్ అనే ఇద్దరు అమెరికాలో స్పానిష్ ఇళ్ళ పిల్లలనూ, చైనీస్ ఇళ్ళ పిల్లలనూ పోల్చి చూశారు. స్పానిష్ క్రియలో కర్తను బట్టి మార్పులు మన తెలుగులో ఉన్నన్ని ఉంటాయి. చైనీస్ క్రియ అసలు మారదు. అయినా రెండు గుంపులూ దాదాపు ఒకే వరసలో నడిచాయి. ఎస్ రెండు చోట్లా వెనకబడింది.

ఈ వరసను అక్షరాలా వేదంగా తీసుకోకూడదని తర్వాతి పరిశోధకులు చూపించారు. బహువచనం, ‘ఎ, ద’లు, ‘అపాస్ట్రఫీ ఎస్’ లాంటివి ఇంటి భాషను బట్టి ముందు వెనకలవుతాయి. సరే. క్రియ చివరి ఎస్ వెనకబడటాన్ని మాత్రం ఎవరూ కదల్చలేకపోయారు. దీని మీద నాకు మరిచిపోలేని ఉదాహరణ ఒకటుంది. డోనా లార్డియర్ అనే భాషాశాస్త్రవేత్త అమెరికాలో చాలా ఏళ్ళుగా ఉంటున్న ఒక చైనీస్ మహిళ మాటలను రికార్డు చేసింది. పుస్తకాల్లో ఆమెకు పెట్టిన పేరు పాటీ. ఉద్యోగం ఇంగ్లీషులోనే, ఇంట్లోనూ ఇంగ్లీషే. ‘హి, హిమ్’ల తేడాలో ఆమె తడబడలేదు. జరిగిపోయిన కాలాన్ని మూడింట ఒకవంతు సార్లు క్రియ మీద గుర్తించింది. ఎస్ పెట్టాల్సిన చోట నూటికి ఐదుసార్లు కూడా పెట్టలేదు. వాక్యం ఎలా కట్టాలో ఆమెకు తెలుసు. ఆ తెలివి నోటి చివరిదాకా వచ్చి, ఆ ఒక్క హల్లు దగ్గర ఆగిపోయింది.

ఎందుకు ఆగుతుంది? ఆ ఎస్ కొత్త సంగతేమీ చెప్పదు. ‘హి’ అనగానే ఒక్క మగమనిషని తెలిసిపోయింది. తెలుగులో ‘వచ్చిండు’ అంటే చాలు, ‘ఆడు’ అనకపోయినా వచ్చిందెవరో తెలుస్తుంది. మన క్రియ చివర నిజంగా పని ఉంది. ఇంగ్లీషులో కర్తను వదిలేయడానికి వీల్లేదు గనక క్రియ చివరకు పని లేకుండా పోయింది. మన పిల్లలు మాట్లాడేటప్పుడు తమకు తెలియకుండానే ఒక లెక్క వేస్తారు, ఏది లేకపోతే అవతలివాడికి అర్థం కాదని. ఆ లెక్కలో ఎస్ చివరికి పోతుంది. తెలుగు క్రియల సంపద ఇక్కడ సాయపడకపోవడానికి కారణం ఇదేనని నేననుకుంటాను. పిల్ల ఇంటి దగ్గర నేర్చుకున్నది పనిచేసే ప్రత్యయాన్ని. బడిలో ఎదురైనది పనిలేని ప్రత్యయం. రెండూ ఒకే జాతివని వ్యాకరణ పుస్తకానికి తెలుసు, పిల్లకు తెలియాల్సిన అవసరమేముంది?

ఎస్ ఆగిపోవడానికి రెండో కారణం మన దగ్గరే ఉంది. దీన్ని ఎందుకో మనం పట్టించుకోలేదు. మోస్రా పిల్ల మొదటిసారి ఇంగ్లీషు క్రియను వినేది బడిలో కాదు, ఇంట్లో, తెలుగులో. ‘ఫోన్ చెయ్యి.’ ‘మోటర్ స్టార్ట్ చేసిన.’ ‘కరెంట్ కట్ అయింది.’ ‘అడ్జస్ట్ అవ్వు.’ ‘మస్తు ఫీల్ అయిండు.’ బడిలో చేరేనాటికే ఎన్నో ఇంగ్లీషు క్రియలు ఆ పిల్ల నోట్లో ఆడుతుంటాయి. ఏ రూపంలో? ఒట్టి రూపంలో. కాలం, కర్త, అవును, కాదు అన్నీ పక్కనున్న ‘చేయు’, ‘అవు’ మోస్తాయి. స్టార్ట్ చేసిండు, స్టార్ట్ చేస్తది, స్టార్ట్ చెయ్యలే. ‘స్టార్ట్’కు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఈ దారి ఇంగ్లీషు కోసం వేసింది కాదు. అంతకు ముందే ఉర్దూ కోసం వేసింది. షురూ చేసిండు, బంద్ అయింది, మాఫ్ చెయ్యి, ఖతం అయింది. నిజాం కాలంలో కచేరీల నుంచి, ఫ్యాక్టరీ నుంచి, అంగడి నుంచి వచ్చిన మాటలకు తెలుగు ఈ పద్ధతి పెట్టింది. ఆ పద్ధతిలోనే ‘షురూ’ పోయి ‘స్టార్ట్’ వచ్చి కూర్చుంది. మన తాతలు ఉర్దూ మీడియంలో చదివి ఉర్దూ క్రియలకు చేసిన పనినే మన మనవళ్ళు ఇంగ్లీషు క్రియలకు చేస్తున్నారు.

ఇంకో సంగతి. చెరుకు ప్రాంతపు మాటలను గమనించండి. క్రషింగ్, కటింగ్, లోడింగ్. ఊళ్ళో మాటలు చూడండి. మీటింగ్, కోచింగ్, వైరింగ్, పార్కింగ్. ‘ఇంగ్’ మనకు దండిగా వచ్చింది, నామవాచకంగా. ‘ఈడీ’ కూడా వచ్చింది, విశేషణంగా. రిటైర్డ్ టీచర్, రిజిస్టర్డ్ పోస్టు, ఫిక్స్‌డ్ డిపాజిట్. షూస్, చిప్స్, మార్క్స్‌లతో బహువచనపు ఎస్ వచ్చింది. క్రియ చివరి ఎస్‌ను మోసుకుని తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు క్రియ నాకొక్కటీ కనబడలేదు. మీకు కనబడితే చెప్పండి. రావడానికి వీల్లేదు కూడా, మన పద్ధతి ఒట్టి రూపాన్నే అడుగుతుంది కదా. కనుక పిల్లవాడు ‘మై ఫాదర్ గో టు ఫీల్డ్’ అని రాసినప్పుడు క్రియ నుంచి ఏదో పారేసుకున్నాడని ఎర్రసిరా అనుకుంటోంది. వాడు పారేసుకున్నదేమీ లేదు. వాడికి ఆ మాట అందిన రూపమే అది.

ఇక క్రియలు ఏ తోవన పెరుగుతాయో చూద్దాం. ఈ నడకను పెద్దవాళ్ళలో మరింత స్పష్టంగా చూడవచ్చు. 1980లలో బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, స్వీడన్ దేశాల్లో వలస కూలీలు అక్కడి భాషను బడి లేకుండా ఎట్లా నేర్చుకుంటున్నారో పరిశోధకులు గమనించారు. మొత్తం నలభైమంది. బ్రిటన్‌లో పంజాబీలు, ఇటాలియన్లు ఉన్నారు. వోల్ఫ్‌గాంగ్ క్లైన్, క్లైవ్ పెర్డ్యూ అనేవాళ్ళు 1997లో తేల్చి చెప్పిందేమిటంటే, వచ్చిన భాష ఏదైనా, నేర్చుకునే భాష ఏదైనా, వీళ్ళంతా ఒక మజిలీకి చేరతారు. అక్కడ క్రియకు ప్రత్యయం ఉండదు. కాలాన్ని ‘యెస్టర్‌డే’, ‘బిఫోర్’, ‘ఫినిష్’ లాంటి మాటలు మోస్తాయి. చెప్పేది జరిగిన వరసలో చెబుతారు. దాంతో పని నడిచిపోతుంది. మూడో వంతు మంది దాకా ఆ మజిలీలోనే ఉండిపోయారు.

నిజామాబాద్ జిల్లావాళ్ళకు ఇది పుస్తకంలో చదవాల్సిన విషయం కాదు. దుబాయ్, మస్కట్, సౌదీ పోయి వచ్చినవాళ్ళు ఏ ఊళ్ళో లేరు? ‘యెస్టర్‌డే మేనేజర్ నో కమ్. టుడే కమ్. మై వీసా ఫినిష్.’ ఈ ఇంగ్లీషును చూసి నవ్వేవాళ్ళున్నారు. అందులో జీతం అడిగారు, వీసా మాట్లాడారు, ఆస్పత్రికి పోయారు. దానికి దాని వ్యాకరణం ఉంది. మన ఆరో తరగతి పిల్లవాడి వ్యాకరణం అక్కడే మొదలవుతుంది. తేడా ఏమిటంటే పిల్లవాడు అక్కడ ఆగక్కర్లేదు.

తర్వాత వచ్చేది ‘ఇంగ్’. ‘హి ప్లేయింగ్.’ మధ్యలో ‘ఈజ్’ ఉండదు. తెలుగులో ‘ఆయన డాక్టరు’ అంటే సరిపోతుంది, మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు. అందుకని తెలుగు పిల్లలు ఈ ‘ఈజ్’ లేని మజిలీలో కొంచెం ఎక్కువకాలం కూర్చుంటారు. జరిగిన కాలం విషయానికొస్తే, ముందుగా వెంట్, కేమ్, ఫెల్, బ్రోక్ వస్తాయి. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వాడే పది క్రియలూ ఇలా అడ్డదిడ్డంగా మారేవే. రోజూ చెవిన పడతాయి, మార్పు బాగా వినబడుతుంది. వాక్‌డ్, ఆస్క్‌డ్‌ల చివర మాత్రం మన చెవికి చిక్కదు. మాట చివర అచ్చు ఉండాలనే చెవి మనది. బస్సు, పెన్ను, బల్బు అంటాం. అలాంటి చెవికి ‘వాక్‌డ్’లో చివరి ముక్క వాక్యంలో కలిసిపోతుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. జరిగిన కాలపు గుర్తు అన్ని క్రియలకూ ఒకేసారి అంటుకోదు. రోజర్ ఆండర్సన్, యసుహిరో షిరాయ్ లాంటివాళ్ళు చూపించినట్టు, తటాలున అయిపోయే పనులకు ముందు అంటుకుంటుంది. పడటం, విరగడం, రావడం. ఆడటం, నడవటం లాంటి సాగే పనులకు ‘ఇంగ్’ ముందు అంటుకుంటుంది. కావాలి, తెలుసు, ఉంది లాంటి స్థితులకు గతకాలపు గుర్తు అందరికంటే చివర. ఒకే కథలో ‘ద బాయ్ ఫెల్’ అని సరిగ్గా రాసిన పిల్ల, రెండు లైన్ల కింద ‘హి వాంట్ వాటర్’ అని రాస్తుంది. టీచరుకు కోపం వస్తుంది, ఇప్పుడే సరిగ్గా రాశావు కదా అని. ఆ పిల్లకు ఆ రెండూ ఒకే సమస్య కావు.

ఇక తప్పుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ‘కమ్‌డ్’, ‘టీచ్‌డ్’, ‘కట్‌డ్’. నిన్నటిదాకా ‘కేమ్’ అన్న పిల్ల హఠాత్తుగా ‘కమ్‌డ్’ అంటుంది. వెనక్కి పోయిందనుకుంటాం. అప్పుడే ముందుకు పోయింది. ‘కేమ్’ను అంతకు ముందు ఒక విడి మాటగా పట్టుకుంది. ఇప్పుడు ‘ఈడీ’ అనే సూత్రం చేతికొచ్చింది, దొరికినదానికల్లా తగిలిస్తోంది. 1958లో జీన్ బెర్కో ఇంగ్లీషు పిల్లలకు ‘గ్లింగ్’ అనే లేని క్రియను చెప్పి నిన్నటి పని చెప్పమంటే వాళ్ళు ‘గ్లింగ్‌డ్’ అన్నారు. వినని మాటను కట్టగలగడమే భాష పట్టుబడిందనడానికి గుర్తు. పిట్ కార్డర్ 1967లో ఒక చిన్న వ్యాసంలో తప్పుల విలువ గురించి ఈ మాటే చెప్పాడు. లారీ సెలింకర్ 1972లో, ఇంటి భాషకూ నేర్చుకునే భాషకూ మధ్యలో ఉన్న ఈ భాషకు ఒక పేరు పెట్టాడు. అప్పటి నుంచి దాన్ని పాడైపోయిన ఇంగ్లీషుగా కాక, దాని సూత్రాలు దానికున్న భాషగా చూడటం మొదలైంది.

‘హి డిడ్ నాట్ కేమ్’ సంగతి చూడండి. ‘డిడ్’లో కాలం వచ్చేసింది, మళ్ళీ ‘కేమ్’ ఎందుకని కొట్టేస్తాం. తెలుగు అడ్డం వచ్చిందంటాం. తెలుగు ఏమంటుంది? నేను రాలే, నువ్వు రాలే, ఆడు రాలే, వాళ్ళు రాలే. కర్త మారినా క్రియ మారలేదు. ‘వచ్చిన లేదు’ అని ఎవరూ అనరు. ‘రా’ ఒట్టిగా నిలబడింది, జరిగిన కాలం ‘లే’లో ఉంది. ‘డిడ్ నాట్ కమ్’ అచ్చం ఇదే కట్టు. తెలుగు నిజంగా అడ్డం వచ్చే పిల్ల అయితే ఈ వాక్యం సరిగ్గా రాయాలి! భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువుల మీద 1961లో వేసిన పెద్ద గ్రంథం మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. తెలుగు క్రియ మీద అంత పని జరిగిన చోట, ఆ క్రియను పక్కన పెట్టుకుని ఇంగ్లీషు క్రియ చెప్పిన పాఠం మన బడుల్లో లేకపోవడం నాకు వింతగా ఉంటుంది. ‘రాలే’ను బోర్డు మీద రాసి పక్కన ‘డిడ్ నాట్ కమ్’ రాయడానికి చాక్‌పీసు తప్ప ఖర్చు లేదు.

మరి తెలుగు ఎక్కడా వేలు పెట్టదా? పెడుతుంది. ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్. మై ఫాదర్ విల్ గో టు ఫీల్డ్.’ రేపటి సంగతి కాదు, రోజూ జరిగేది. మనకు ‘రోజు పోత’, ‘రేపు పోత’ రెంటికీ ఒకే రూపం. ఇంగ్లీషు అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటిగా ఉన్నదాన్ని రెండుగా చీల్చుకోవాల్సిన చోట ఇంటి భాష గట్టిగా పట్టుకుంటుంది. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ కూడా ఇటువంటిదే కావచ్చు. మనకు ‘ఉన్నారు’లోనూ, ‘వస్తున్నారు’లోనూ అదే ‘ఉన్న’ వినిపిస్తుంది. అయితే ఈ ‘హ్యావింగ్’ ఉత్తరాది భాషలవాళ్ళ ఇంగ్లీషులోనూ దండిగా ఉంది గనక నేరం మొత్తం తెలుగు మీద వేయలేం. నిస్సిమ్ ఎజెకియల్ ఇలాంటి వాక్యాలతోనే ఒక వీడ్కోలు సభ మీద పేరుపొందిన కవిత రాశాడు. అది చదివి నవ్వుకున్నవాళ్ళలో ఆ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ‘యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’ అనే వాక్యం మన ‘అయింది’ నుంచి వచ్చిందని నేను నమ్మేవాణ్ణి. జపాన్ వాళ్ళు, అరబ్బులు కూడా దాన్నే రాస్తారని తెలిశాక నమ్మకం సగమైంది. తనంతట తాను జరిగే పనికి కర్త ఎవరని వెతుక్కుని, ఎవరూ లేక ప్యాసివ్ వాయిస్‌లో పడటం అన్ని దేశాల విద్యార్థులకూ ఉన్నదే. మన ‘అయింది’ దాన్ని మరింత బలపరుస్తుంది, అంతే. ఏది ముందు, ఏది వెనక అన్నది చాలావరకు ఇంగ్లీషు స్వభావంలో, మనిషి స్వభావంలో ఉంది. ఏ మజిలీలో ఎంతకాలం కూర్చుంటామన్నదే ఇంటి భాష చెబుతుంది.

మన పాఠాల పాత్ర కూడా ఉంది. ‘ఐ యామ్ గోయింగ్ టు ద డోర్’ అంటూ తలుపు దాకా నడిచిన టీచర్లు ఇక్కడ చాలామంది ఉంటారు. స్ట్రక్చరల్ సిలబస్ కాలంలో చేసి చూపించదగిన క్రియలే ముందు నేర్పారు. చేసి చూపించేది ‘ఇంగ్’తోనే కుదురుతుంది. తలుపు దగ్గరికి పోతూ ఆ మాట అనే మనిషి బడి బయట ఎక్కడా కనబడడు. మన పిల్లల్లో ‘ఇంగ్’ అవసరానికి మించి పెరగడానికి ఆ నడక కొంత కారణమని నా అనుమానం. ఇక ‘గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్’ వల్లింపు. దాన్ని తీసిపారేయను. మాటల రూపాలు చెవికెక్కడానికి అది పనికొచ్చింది. వాక్యంలో క్రియ కుదరడానికి పనికి రాలేదు, దాని నుంచి అది ఆశించకూడదు.

ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఒక ప్రయత్నం చేశాడు. గ్రామర్ పాఠం లేదు. రైలు టైంటేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, మ్యాపు ఇచ్చి దారి చెప్పమనడం. పని తేలాలి, పని ఇంగ్లీషులో తేలాలి. మనసు అర్థం మీద ఉన్నప్పుడే రూపం లోపలికి పోతుందన్నది ఆయన వాదం. 1987లో పుస్తకంగా వచ్చింది. నేను ఆ వాదంతో పూర్తిగా ఏకీభవించను. రిచర్డ్ ష్మిట్ హవాయిలో వెస్ అనే జపాన్ చిత్రకారుణ్ణి మూడేళ్ళు గమనించి 1983లో రాశాడు. మనిషి గలగలా మాట్లాడతాడు, స్నేహాలు, వ్యాపారం అన్నీ ఇంగ్లీషులో. వ్యాకరణం మాత్రం కదల్లేదు. రూపం మీద ఎప్పుడో ఒకప్పుడు దృష్టి పడకపోతే అది దానంతట అది రాదు. పడవలసిన సమయమే ముఖ్యం. ఆరో నెల చెరుకు నరికి ఫ్యాక్టరీకి తోలితే రికవరీ రాదని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. దాని మంచిచెడ్డల మీద వేరే సభలున్నాయి. క్రియల వరకే మాట్లాడతాను. సైన్సు పుస్తకం, సోషల్ పుస్తకం ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన పిల్లలకు క్రియలు రావు. ఆ పుస్తకాల్లో వాక్యాలు ఎక్కువగా ‘ఈజ్’, ‘ఆర్’, ‘ఈజ్ కాల్డ్’ల మీద నడుస్తాయి. జవాబులు చూసి రాస్తారు, చూసి రాసినదానిలో తప్పుండదు, పెరుగుదలా ఉండదు. క్రియలు పెరగడానికి కథ కావాలి. నిన్న ఏం జరిగిందో తన మాటల్లో చెప్పే సందర్భం కావాలి. ఆ ఎదుటి తెలుగు పేజీని చాటుగా దాచాల్సిన పని లేదు. అందులో వాక్యం వాక్యానికి క్రియ ఎక్కడుందో, ఏం మోస్తోందో, ఇంగ్లీషు పేజీలో ఆ బరువు ఏ మాట మీద పడిందో చూపిస్తే పదిహేను నిమిషాల పాఠం అవుతుంది. ప్రైవేటు బళ్ళవాళ్ళకు ఆ పేజీ లేదు, మనకుంది.

ఎర్రసిరా మానేయమని కూడా నేననను. దాని గురి మార్చమంటాను. ఒట్టి క్రియలతో రాసే పిల్లకు ఎస్‌లు దిద్దడం వృథా శ్రమ, వెంట్, కేమ్‌లు అందించాలి. ‘కమ్‌డ్’ రాసే పిల్లకు ‘కేమ్’ గుర్తుచేస్తే చాలు, రెండోసారికి పట్టుకుంటుంది. ‘డిడ్ నాట్ కేమ్’ రాసే పిల్లకు ‘రాలే’ చూపించాలి. ఎస్‌ను తొమ్మిది, పది తరగతుల్లో, రాతలో, తను రాసినదాన్ని తనే రెండోసారి చదువుకుని దిద్దుకునే పనిగా పెట్టాలి. మాటలో అది రాకపోతే పోనీయండి. పాటీకే రాలేదు.

ఇక్కడున్న యువ ఉపాధ్యాయులకు సారు పేరు మీద ఒక పని అప్పగిస్తాను. మాటలు లేని బొమ్మల కథ ఒకటి తీసుకోండి. నాలుగైదు బొమ్మలు చాలు, అందులో ఒకడు పడాలి, ఒకటి విరగాలి, ఎవరో ఏడవాలి, ఎవరికో ఏదో కావాలి. జూన్‌లో బడి తెరవగానే ఆరో తరగతి పిల్లలచేత దాని మీద రాయించండి. నవంబరులో అదే కథ, మార్చిలో అదే కథ. ఆ కాగితాల మీద మార్కులు వేయకండి, దిద్దకండి. తేదీ, తరగతి, ఇంట్లో మాట్లాడే భాష రాయండి. పిల్లల పేర్లు అక్కర్లేదు. డిచ్‌పల్లిలో మన విశ్వవిద్యాలయం ఉంది, 2006 నుంచి. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసమే పెట్టిన సంస్థ ఇవాళ ఇఫ్లూగా ఉంది. కాగితాలు ఉంటే చూడటానికి మనుషులున్నారు. మోస్రా నుంచి, చందూరు నుంచి, వర్ని తండాల నుంచి మూడేసి సార్లు రాసిన కాగితాలు ఒక ఏడాదివి జమ చేసినా చాలు. మీరే ముందు చూడాలనుకుంటే, పడ్డవాడికీ విరిగినదానికీ రాసిన క్రియలను జూన్ కాగితంలో వెతకండి. కావాలన్నవాడి క్రియను మార్చిలో చూద్దురుగాని.